బిల్లు పోర్టల్‌కు చేరింది, డబ్బు చేతికి రాలేదు

జీడిమెట్లలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉందనుకుందాం. యజమాని మొదటి తరం దళిత వ్యాపారి. ఐటీఐ చదివి, ఏళ్ల తరబడి వేరేవాళ్ల షెడ్లలో వెల్డింగ్ చేసి, చివరికి సొంత షెడ్డు పెట్టుకున్నారు. ఏప్రిల్ 10న ఒక పెద్ద కంపెనీకి 10 లక్షల రూపాయల స్టీల్ స్ట్రక్చర్లు పంపారు. 18 శాతం జీఎస్టీతో కలిపి బిల్లు 11 లక్షల 80 వేలు. లారీ గేటు దాటకముందే ఆ బిల్లు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లోకి వెళ్లాయి. క్షణాల్లో 64 అక్షరాల రిజిస్ట్రేషన్ నంబరు, క్యూఆర్ కోడ్ వచ్చాయి. బిల్లు నిజమైనదేనని ప్రభుత్వం ముద్ర వేసినట్టే.

మే 20 నాటికి ఆయన ఆ బిల్లు మీద లక్షా 80 వేల పన్ను లెక్క తేల్చాలి. అందులో కొంత ఇనుము కొన్నప్పుడే కట్టేశారు, మిగిలింది ఇప్పుడు కట్టాలి. ఎలా చూసినా ఆ సొమ్మంతా ఆయన జేబులోంచి వెళ్లిందే. కంపెనీ నుంచి ఇంకా పైసా రాలేదు. అదే మే 20న, అదే బిల్లు చూపించి, ఆ కంపెనీ అదే లక్షా 80 వేలను తన పన్ను బాకీలోంచి తగ్గించుకుంటుంది. దీనినే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. ఆ రోజు ఖజానాకు నికరంగా చేరింది ఏమీ లేదు. షెడ్డు యజమాని డబ్బు ప్రభుత్వం చేతుల మీదుగా, ఆయనకే బాకీ ఉన్న కంపెనీ చేతికి చేరింది. వడ్డీ లేకుండా.

కంపెనీ ఎప్పుడు చెల్లిస్తుంది? ఫోన్ చేస్తే అకౌంట్స్ సెక్షన్‌లో ఉందంటారు. జూన్‌లో క్వాలిటీ రిపోర్టు రాలేదంటారు. ఆగస్టులో ఆడిట్ అంటారు.

ఈ-ఇన్వాయిస్ గురించి మన దగ్గర జరిగే చర్చలో ఈ సంగతి రాదు. చర్చంతా వర్తక సంఘాలు, చార్టర్డ్ అకౌంటెంట్ల మధ్యే సాగుతుంది. నిబంధనల భారం పెరిగిందని, సాఫ్ట్‌వేర్ ఖర్చు పెరిగిందని ఒక వర్గం గోల. నకిలీ బిల్లులు తగ్గాయి, వసూళ్లు పెరిగాయని ప్రభుత్వం జవాబు. కులం దృష్టితో ఆర్థిక వ్యవస్థను చూసేవాళ్లు ఈ విషయాన్ని అకౌంటెంట్లకే వదిలేశారు. అది పొరపాటని నా అభిప్రాయం.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 48వ నిబంధన, 4వ ఉపనిబంధన కింద 2020 అక్టోబర్ 1న 500 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్నవాళ్లతో ఇది మొదలైంది. తర్వాత 100 కోట్లు, 50, 20, 10 అంటూ దిగుతూ 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు వచ్చింది. ఒక వ్యాపారి ఇంకో నమోదిత వ్యాపారికి అమ్మినప్పుడు, ఎగుమతి చేసినప్పుడు ఇది తప్పనిసరి. మామూలు వినియోగదారుడికి ఇచ్చే బిల్లుకు అక్కర్లేదు. 10 కోట్లు దాటినవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌లో నమోదు చేయకపోతే 2025 ఏప్రిల్ నుంచి పోర్టల్ ఆ బిల్లును తీసుకోదు. ఇలా నమోదు కాని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదని 5వ ఉపనిబంధన చెబుతోంది. అంటే కొన్నవాడి క్రెడిట్‌కే ముప్పు. అందుకే పెద్ద కంపెనీలు నంబరు లేని బిల్లును తిప్పి పంపేస్తాయి.

బ్యాంకులకు, బీమా సంస్థలకు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు మాత్రం ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. చిన్నవాళ్లకు మినహాయింపు 5 కోట్ల గీత ఒక్కటే. ఆ గీతలోనూ ఒక మెలిక ఉంది. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో 5 కోట్లు దాటినా చాలు, ఆ తర్వాత టర్నోవర్ కోటికి పడిపోయినా ఈ-ఇన్వాయిస్ తప్పదు. ఒక ఏడాది పెద్ద ఆర్డరు దొరికి, మరుసటి ఏడాది ఖాళీగా కూర్చునే కాంట్రాక్టర్లకు ఇది జీవితకాలపు ముద్ర. అలా పడిలేచే వ్యాపారాలు ఎవరివి ఎక్కువగా ఉంటాయో చెప్పక్కర్లేదు.

అయినా ఈ-ఇన్వాయిస్‌ను వ్యతిరేకించే వర్తక సంఘాల గొంతుతో మనం గొంతు కలపకూడదు. కారణం మన చరిత్రలోనే ఉంది.

అంబేడ్కర్ ఆర్థికవేత్తగా రాసిన గ్రంథాల గురించి విశ్వవిద్యాలయాల్లో మాట్లాడుకుంటాం. రూపాయి సమస్య మీద 1923లో వచ్చిన పుస్తకం, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద 1925లో వచ్చిన పుస్తకం సెమినార్లలో వినిపిస్తాయి. ఆయన ఒక చిన్న వ్యాపారం పెట్టి మూసేయాల్సి వచ్చిన సంగతి అంతగా వినిపించదు. బరోడా ఉద్యోగంలో అవమానాలు భరించలేక బొంబాయి తిరిగొచ్చాక, స్టాకులు, షేర్ల మీద సలహాలిచ్చే సంస్థ ఒకటి మొదలుపెట్టారు. సలహా ఇస్తున్నది అంటరాని కులస్థుడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివొచ్చిన మనిషికి ఆ రంగంలో జ్ఞానం తక్కువై కాదు. బజారులో నమ్మకం అనేది కులం చూసి పుడుతుంది కాబట్టి.

మన దేశంలో వ్యాపారం తరతరాలుగా నోటి మాట మీద నడిచిందని గొప్పగా చెప్పుకుంటారు. హుండీ రాసిస్తే చాలు, వేరే ఊళ్లో డబ్బు దొరికేదని. నిజమే, కానీ ఎవరికి? మార్వాడీకి మార్వాడీ దగ్గర, చెట్టియార్‌కు చెట్టియార్ దగ్గర, కోమటికి కోమటి దగ్గర. ఆ నోటి మాటకు వెనకాల కులం, బంధుత్వం, పెళ్లి సంబంధాలు హామీగా ఉండేవి. సరుకు అప్పుగా దొరకడం, బాకీ ఆలస్యమైతే బావమరిది సర్దడం, బ్యాంకు మేనేజర్‌తో పరిచయం, ఇవన్నీ ఖాతా పుస్తకాల్లో కనిపించని పెట్టుబడి. ఆ వలయం బయట ఉన్నవాడికి మిగిలేది కాగితం ఒక్కటే. తన మాటను నమ్మనివాళ్ల ముందు పెట్టడానికి ఒక రుజువు కావాలి. ప్రభుత్వం ముద్ర వేసిన, ఎవరూ దిద్దలేని, తేదీ మార్చలేని బిల్లు కంటే మంచి రుజువు ఏముంటుంది? అందుకే సిద్ధాంతరీత్యా ఈ-ఇన్వాయిస్ మన పక్షాన ఉండాల్సిన సాధనం.

ప్రస్తుతం అది ఒక వైపే పనిచేస్తోంది. ప్రభుత్వానికి పన్ను ఎంత రావాలో చెప్పడానికి ఆ రుజువు చాలు. కొన్నవాడికి క్రెడిట్ ఇవ్వడానికీ చాలు. అమ్మినవాడికి డబ్బు ఇప్పించడానికి మాత్రం చాలదు.

చట్టంలోని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. చదవడానికి కఠినంగానే ఉంది. ఇక కేంద్ర జీఎస్టీ చట్టం 16వ సెక్షన్ చూడండి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు చెల్లించకపోతే, అప్పుడు కొన్నవాడు తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలి. అంటే ఏప్రిల్ 10 బిల్లు మీద అక్టోబర్ మొదటి వారం దాకా ఆ కంపెనీ లక్షా 80 వేలు వాడుకోవచ్చు, పన్ను అధికారికి అభ్యంతరం లేదు. మే నెలాఖరుకే ఒక చట్టం ప్రకారం తప్పు చేసిన కంపెనీ, ఇంకో చట్టం ప్రకారం ఇంకో నాలుగు నెలలకు పైగా మర్యాదస్తుడే. రెండు చట్టాలూ ఒకే పార్లమెంటు చేసినవి.

45 రోజుల చట్టాన్ని అమలు చేయించుకోవాలంటే సరఫరాదారే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. కానీ ఉన్న ఒకే ఒక్క పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు పెట్టి, మళ్లీ అతని గేటు ముందే ఆర్డరు కోసం నిలబడగలిగేవాళ్లు ఎందరు? నలుగురు కొనుగోలుదారులు ఉన్నవాడే ఒకడి మీద ఫిర్యాదు చేయగలడు. పైగా కేవలం సరుకు కొని అమ్మే ట్రేడర్లకు ఈ రక్షణ లేదు. 2021లో వాళ్లను ఈ రంగంలోకి తెచ్చినా, ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేశారు. వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. రోడ్లు, కాలువలు, భవనాల పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లు, ఆఫీసులకు సామాన్లు సరఫరా చేసేవాళ్లు బయటే ఉండిపోయారు. పెద్ద పెట్టుబడి లేకుండా వ్యాపారంలోకి రావాలనుకునే దళితుడికి ముందు తెరుచుకునే తలుపులు ఆ రెండే.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. జాతీయ నమూనా సర్వే 73వ రౌండు, 2015-16లో కంపెనీలుగా నమోదు కాని వ్యవసాయేతర సంస్థలను లెక్కించింది. సూక్ష్మ సంస్థల్లో ఎస్సీ యజమానుల వాటా 12.48 శాతం. చిన్న తరహాలో 5.50 శాతం. మధ్య తరహాలో 0.00. అచ్చుతప్పు కాదు, నివేదికలో ఉన్నదే అది. ఆ సర్వేలో మధ్య తరహా సంస్థలు మొత్తం సుమారు 5 వేలే కాబట్టి చివరి అంకెను సున్నా అని కచ్చితంగా పట్టుకోకపోవచ్చు. అప్పటి నిర్వచనాలు కూడా యంత్రాల పెట్టుబడిని బట్టి ఉండేవి, ఇప్పటిలా టర్నోవర్‌ను బట్టి కాదు. అయినా మెట్టు మెట్టుకూ మనవాళ్లు ఎలా రాలిపోతున్నారో ఆ మూడు అంకెలు చాలు చెప్పడానికి. వ్యాపారం పెట్టలేక కాదు, పెట్టినదాన్ని పెంచలేక. పెరగడానికి కావాల్సింది చేతిలో ఆడే డబ్బు. ఆ డబ్బు కొన్నవాళ్ల ఖాతాల్లో ఆగిపోతోంది, దాని మీద పన్ను మాత్రం ముందే కట్టాల్సి వస్తోంది. టర్నోవర్ పెరిగేకొద్దీ ఇరుక్కునే సొమ్మూ పెరుగుతుంది. పెద్ద ఆర్డరు వచ్చినందుకే మునిగిపోయే వ్యాపారం ఇది.

పన్ను కట్టడం ఆలస్యమైతే అతనికి ఏడాదికి 18 శాతం వడ్డీ. అది పోర్టల్ తనంతట తానే లెక్కగడుతుంది, ఏ కౌన్సిల్‌కూ వెళ్లక్కర్లేదు.

ప్రభుత్వం దగ్గర సమాచారం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ-ఇన్వాయిస్ నమూనా పత్రం, ఇన్వ్-01 అంటారు, అందులో చెల్లింపు వివరాలకు ఒక భాగం ఉంది. ఎన్ని రోజుల అప్పు, ఎంత ముట్టింది, ఎంత బాకీ అని గళ్లున్నాయి. అవన్నీ ఐచ్ఛికం. సరుకు కోడ్ ఒక్క అంకె తప్పినా బిల్లును తిప్పి కొట్టగల యంత్రం, డబ్బు ఎప్పుడు వస్తుందన్న గడి ఖాళీగా ఉంటే ఏమీ అనదు. 2024 అక్టోబర్ నుంచి ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఇంకొకటి వచ్చింది. కొన్నవాడు తన పేరు మీద వచ్చిన ప్రతి బిల్లునూ అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. ఏమీ చేయకపోతే అంగీకరించినట్టే. 2006 చట్టంలోనూ సరిగ్గా ఇలాంటి మాటే ఉంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు. అలాంటప్పుడు పోర్టల్‌లో అంగీకరించి క్రెడిట్ తీసుకున్న కంపెనీ, కౌన్సిల్ ముందుకొచ్చి సరుకు నాసిరకం అని ఎలా అనగలుగుతోంది? పోర్టల్ రికార్డును అంగీకారానికి తిరుగులేని సాక్ష్యంగా తీసుకోవాలని ఒక్క వాక్యం చట్టంలో చేరిస్తే, ఫిర్యాదుల్లో సగం వాదన ముగిసిపోతుంది.

బిల్లుకు ఇంత బలం ఇవ్వడం ఎక్కడైనా జరిగిందా అంటే, చిలీలో జరిగింది. ఈ-ఇన్వాయిస్‌ను ముందుగా మొదలుపెట్టిన దేశాల్లో అదొకటి, 2003లోనే. మరుసటి ఏడాదే 19,983వ నంబరు చట్టం తెచ్చారు. కొన్నవాడు 8 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే బిల్లును అంగీకరించినట్టే. అలా అంగీకరించిన బిల్లుతో అమ్మినవాడు మొత్తం వ్యాజ్యం మొదటి నుంచి నడపక్కర్లేకుండా నేరుగా వసూలుకే కోర్టుకు వెళ్లవచ్చు, లేదా దాన్ని ఇంకొకరికి బదిలీ చేసి డబ్బు తెచ్చుకోవచ్చు. 2019లో 30 రోజుల చెల్లింపు గడువు కూడా చట్టంలో చేర్చారు. పరస్పర ఒప్పందంతో గడువు పెంచుకునే సందు అందులోనూ ఉంది, పెద్ద కొనుగోలుదారు ముందు ఆ పరస్పరం ఎంతో మనకు తెలుసు. కానీ బిల్లు కేవలం పన్ను పత్రం కాదని, అది ఒక హక్కు పత్రమని అక్కడి చట్టం ఒప్పుకుంది.

మన దగ్గర బిల్లును డబ్బుగా మార్చుకోవడానికి ట్రెడ్స్ వేదికలు ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడు 250 కోట్లు దాటిన కంపెనీలన్నీ అందులో నమోదు కావాలి. నమోదు తప్పనిసరే కానీ, తమ దగ్గరికొచ్చిన బిల్లును అక్కడ అంగీకరించడం తప్పనిసరి కాదు. కొన్నవాడు ఒప్పుకోకపోతే ఆ బిల్లు మీద ఏ బ్యాంకూ డబ్బివ్వదు. ఈ-ఇన్వాయిస్ నంబరు ఉండి, కొన్నవాడు క్రెడిట్ తీసుకున్న బిల్లు ట్రెడ్స్‌లో దానంతటదే అంగీకరించినట్టు ఎందుకు కాకూడదు?

చిన్న సంస్థలకు రక్షణ పెంచితే పెద్దవాళ్లు వాళ్ల దగ్గర కొనడమే మానేస్తారన్న వాదన ఒకటుంది. దీన్ని తేలిగ్గా తీసేయలేం. ఆదాయపు పన్ను చట్టంలో 43బీ సెక్షన్‌కు హెచ్ క్లాజు చేర్చి, గడువులోగా చెల్లించని బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వం అన్నప్పుడు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లను కొన్ని కంపెనీలు పక్కన పెడుతున్నాయని, రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోమని అడుగుతున్నాయని వార్తలొచ్చాయి. కానీ దీన్నుంచి నేర్చుకోవాల్సింది రక్షణ వద్దని కాదు. రక్షణను అమ్మేవాడి నుదుటి మీద రాస్తే కొనేవాడు ఆ నుదురు చూసి తప్పుకుంటాడు. అంటరానితనం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. రిజర్వేషన్‌కు గుర్తింపు అవసరం, అక్కడ రాజీ లేదు. కానీ బాకీ చెల్లింపు నిబంధనను కొనేవాడి పరిమాణాన్ని బట్టి పెట్టాలి. ఉదాహరణకు 250 కోట్లు దాటిన ఏ కంపెనీ అయినా, ఎవరి దగ్గర కొన్నా, ట్రేడర్ అయినా కాంట్రాక్టర్ అయినా, 45 రోజుల్లో చెల్లించకపోతే క్రెడిట్ వెనక్కి పోవాలి. 180 అన్న చోట 45 అని మార్చడమే. అప్పుడు తప్పించుకోవడానికి పక్కదారి ఉండదు.

అమ్మేవాడి వైపు నుంచి ఇంకో సవరణ ఉంది, డబ్బు చేతికొచ్చాకే పన్ను కట్టే పద్ధతి. ఇదేమీ వింత కోరిక కాదు. మన సేవా పన్ను చట్టంలోనే 50 లక్షల లోపు వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు ఆ వీలుండేది, జీఎస్టీ వచ్చాక పోయింది. బ్రిటన్‌లో 13.5 లక్షల పౌండ్ల వరకు, ఆస్ట్రేలియాలో కోటి డాలర్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. మనకు మాత్రం ఖజానాకు నష్టమంటారు. పైన చెప్పిన మే 20 లెక్కలో ఖజానాకు వచ్చింది ఏముంది పోవడానికి? అమ్మినవాడు కట్టేదాకా కొన్నవాడికి క్రెడిట్ ఇవ్వకపోతే సరిపోతుంది. అప్పుడు తన క్రెడిట్ కోసమైనా కంపెనీ త్వరగా చెల్లిస్తుంది.

ఇక ప్రభుత్వమే కొనుగోలుదారు అయినప్పటి సంగతి. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి కొనాలని 2012 నాటి ఉత్తర్వు, 2018 సవరణ చెబుతున్నాయి. టీడీఎస్ కోసమే నమోదైన ప్రభుత్వ శాఖలకు అమ్మినా ఈ-ఇన్వాయిస్ తప్పనిసరని 2023 జూలైలో సర్క్యులర్ ఇచ్చారు. అంటే 5 కోట్ల గీత దాటినవాళ్ల నుంచి ఏ శాఖ ఎప్పుడు ఎంత కొన్నదో బిల్లు బిల్లుకూ రికార్డు ఉంది. ఉద్యమ్ దరఖాస్తులో సామాజిక వర్గం అడుగుతారు, పాన్, జీఎస్టీ నంబర్లు అడుగుతారు. ఈ రెండు రికార్డులనూ కలిపితే ఎస్సీ, ఎస్టీ సరఫరాదారుల బిల్లులు ఎన్ని, వాటి విలువ ఎంత, మిగిలినవాళ్లతో పోలిస్తే ఎలా ఉన్నాయో పేర్లు బయటపెట్టకుండానే తేలుతుంది. నెలనెలా జీఎస్టీ వసూళ్లు రాష్ట్రాలవారీగా ప్రకటిస్తారు, సామాజిక వర్గాలవారీగా ఒక్క పట్టికా రాదు.

కులం, మార్కెట్ మీద పరిశోధన చేసే విద్యార్థులు ఇప్పటికీ పదేళ్ల నాటి నమూనా సర్వే మీద ఆధారపడాల్సి వస్తోంది. నేను పైన చేసిందీ అదే. 5 కోట్ల గీత పైన ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థలు ఎన్ని ఉన్నాయి, గీత దాటాక మళ్లీ కిందికి జారినవి ఎన్ని, వాటి బిల్లులకు సగటున ఎన్ని రోజులకు డబ్బు వచ్చింది అన్న ప్రశ్నలను సమాచార హక్కు కింద అడగడం మొదలుపెట్టవచ్చు. మూడో ప్రశ్నకు జవాబు లేదని వస్తుంది, ఎందుకంటే ఆ గడి ఐచ్ఛికం. ఆ జవాబును లిఖితపూర్వకంగా తీసుకుని జీఎస్టీ మండలిలో కూర్చునే మన రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రుల ముందు పెట్టవచ్చు. ఆ గడిని తప్పనిసరి చేయమని ప్రతిపాదించే అధికారం వాళ్లకు ఉంది.